కాళ్ళు వెయ్యని బొమ్మ

అది కాదే మనవరాలా, అక్కణ్ణుంచి కాదు. రాసింది కొట్టెయ్. మా అన్న పోవడం దగ్గర మొదలెడితే చదివేవాడి గొంతు అక్కడే పట్టేస్తుంది, ముందుకు సాగదు. రేకుల షెడ్డు దగ్గర మొదలెట్టు. వాన దగ్గర.

నేను మెల్లగానే చెప్తాను. నువ్వూ మెల్లగానే రాయి.

ఆ ఏడు, పందొమ్మిది వందల ఇరవయ్యారో ఇరవయ్యేడో, రంగూన్‌లో వాన ముందే పట్టుకుంది. పట్టుకుంటే వదలదు కదా ఇక్కడి వాన. గోడలు చెమ్మగిల్లి, బట్టలు బూజెక్కి, పొయ్యిలో పుల్ల రాజుకోక ఆడవాళ్ళు పొగలో ఏడుస్తూ వండేవారు. అప్పుడు మనం ఈ తామ్వే పేటలో లేము. సేక్కాన్ రేవు పక్క కూలీల బరాకుల్లో ఉండేవాళ్ళం. ఆ బరాకులకి దగ్గర్లోనే ఊ తిన్ అనే బర్మా ఆయన రేకుల షెడ్డు వేసి బయస్కోపు ఆడించేవాడు.

అప్పటి బొమ్మకి మాట లేదు. మనుషులు నోరు ఆడించేవారు, మధ్యలో నల్లటి పలక మీద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. ముందు కుర్చీల్లో వాళ్ళు చదువుకునేవారు. బర్మావాళ్ళ బల్లల దగ్గర ఒకడు నిలబడి వాళ్ళ భాషలో చెప్పేవాడు. నేల మీద చాపల్లో కూర్చునే మన తెలుగువాళ్ళకి చెప్పడానికి ఊ తిన్ నన్ను పెట్టుకున్నాడు.

నవ్వకు. చదువు రాదు నాకు, అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. వస్తే నిన్నెందుకు బతిమాలుతాను? ఊ తిన్ నా చదువు చూడలేదు, నా గొంతు విన్నాడు. రేకుల మీద వాన పడుతుంటే దాన్ని దాటి చివరి చాపదాకా వినబడాలి. అలాంటి గొంతు ఆ పేటలో నాకే ఉంది.

ఆ గొంతు రేవులో తయారైంది. మా అన్న దండాసి కూలీ ముఠాకి పాట ఎత్తేవాడు. బరువు లాగేటప్పుడు ఒకడు పాట ఎత్తితే మిగతావాళ్ళు 'ఐలెసా' అని అందుకుని ఒక్కసారే తాడు లాగాలి. పాట చెదిరితే చేతులు చెదురుతాయి, చేతులు చెదిరితే బరువు కదలదు. అన్న ఎత్తేవాడు, రెండో గొంతు నాది. మధ్యాహ్నం అన్న కూతురు చిన్నతల్లి గిన్నెలో కూడు పట్టుకుని గట్టు మీదకి వచ్చేది. రెండు బుగ్గలకీ బర్మా పిల్లల్లాగా తనకా గంధం పూసుకుని. దాన్ని చూడగానే అన్న పాటలో కలిపేసేవాడు.

"సిన్నతల్లొచ్చింది – ఐలెసా!
కూడట్టుకొచ్చింది – ఐలెసా!
సల్లారిపోతాది – ఐలెసా!"

ముఠా అంతా నవ్వుతూ లాగేది. పిల్ల సిగ్గుపడిపోయి గిన్నె మొహానికి అడ్డం పెట్టుకునేది. ఆ పాట ఇంకెక్కడా లేదు మనవరాలా. అది అన్న కట్టుకున్నది.

ఇప్పుడు రాయి. వాన పట్టిన కొత్తలోనే అన్న పోయాడు. బియ్యం మిల్లుకని ఇనప బాయిలరు పడవలో వచ్చింది. పలకలు పరిచి, తాడు కట్టి గట్టెక్కిస్తున్నారు. నేను ముందు తాడు దగ్గర ఉన్నాను. అన్న వెనక ఉండి, బాయిలరు జారకుండా అడ్డుచెక్క వేస్తూ పాట ఎత్తుతున్నాడు. తాడు తెగింది. బాయిలరు వెనక్కి దొర్లింది.

అంతే రాయి. చాలు.

సాయంత్రానికే మేస్త్రి మంగరాజు మాట పుట్టించాడు. దండాసి తాగొచ్చాడు, అడ్డుచెక్క సరిగ్గా వెయ్యలేదు అని. మమ్మల్నందర్నీ ఊళ్ళనుంచి ఓడెక్కించి తెచ్చింది ఆయన. పని పెట్టేది ఆయన, తీసేది ఆయన. మేం ఉండే బరాకు గది కూడా ఆయనదే. వెనక ఏం జరిగిందో ముందు తాడు దగ్గరున్న నాకు తెలియదు. వెనక ఉన్నవాళ్ళు మాట్లాడలేదు.

మా వదిన తాయారమ్మతో మంగరాజు గుమ్మంలో నిలబడి అన్నాడు:

"అయిందేదో అయిపోనాది. మీరు గోల సెయ్యకండి. వానలెల్లీదాకా గది మీదే. తరవాత సూద్దాం."

వదిన తల వంచుకుని ఊరుకుంది. గది పోతే పిల్లని పట్టుకుని ఎక్కడికి పోతుంది? చిన్నతల్లి అప్పుడు మేరమ్మ టీచరమ్మ దగ్గర చదువుకుంటోంది. తెలుగు వచ్చేసింది, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటోంది. రేవు కూలీ ఇంట్లో ఆడపిల్ల ఇంగ్లీషు చదవడం ఆ బరాకుల్లో ఎవరూ ఎరగరు. గది ఉంటే ఆ చదువు ఉంటుంది. గది ఉండాలంటే ఆ మాట మింగాలి. వదిన మింగింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు "తాగుబోతోడి పెళ్ళాం" అని బిందె పక్కకి తోసినా మింగింది.

నేను మళ్ళీ తాడు ముట్టుకోలేదు. అన్న లేకుండా ఆ పాట నా నోట రాలేదు. అలా షెడ్డులో చేరాను. పగలు అక్కడే ఏదో పని, దీపాల వేళకి ఆట. బరాకులో వరండాలో పడుకునేవాణ్ణి. వదిన, పిల్ల లోపల.

ఆటకి చిన్నతల్లిని తీసుకెళ్ళేవాణ్ణి. నేను చెక్కపెట్టె మీద నిలబడేవాణ్ణి, అది పక్కన బల్ల మీద నిలబడితే నా చెవి అందేది. పలక మీద అక్షరాలు పడగానే నా చెవిలో చదివేది. నేను పెద్ద గొంతుతో చాపలకి చెప్పేవాణ్ణి. దానికి అందని మాట వస్తే "ఏటో పెద్ద మాట సిన్నాన్నా, నువ్వే ఏదోటి అనీ" అనేది. నేను ఏదో ఒకటి అనేవాణ్ణి. ఒకసారి దొరా, దొరసానీ ముద్దు పెట్టుకుంటుంటే "వాళ్ళత్తగారికి జొరమొచ్చిందని ఏడుస్తన్నారు" అని చెప్పేశాను. మన ముఠాలో భీమరాజని ఉండేవాడు, నల్లగా, కొండలాంటి మనిషి. వాడు చాప మీంచి లేచి, "అలాటి జొరం మాయత్తకి ఎప్పుడొస్తాదిరా అచ్చెన్నా!" అని అరిచాడు. షెడ్డు ఎగిరిపోయింది నవ్వుతో. చిన్నతల్లి కూడా నవ్వింది. అన్న పోయాక అది నవ్వగా అప్పుడే చూశాను.

ఆ తరవాత ఊ తిన్ కొత్త రీలు ఒకటి తెచ్చాడు. మనుషులు ఆడేది కాదు, గీసిన బొమ్మలు కదిలేది. మేమెవరమూ అలాంటిది చూసి ఎరగం.

రెండు జడల దొరల పిల్ల ఒకతె. బడిలో పంతులు బెత్తం పట్టుకుని ఏదో అడుగుతాడు. పిల్ల బుర్ర గోక్కుంటుంది.

"సరిత్ర పాఠం అడిగినారంట," అంది చిన్నతల్లి నా చెవిలో. "రాదంట దానికి."

"మరేటి సేస్తాది?"

"బోర్డు మీద గీసి సెప్తాదంట. దానికి తెలిసినట్టు."

ఆ పిల్ల సుద్దముక్క తీసుకుని గీసింది. గీత గీసినట్టల్లా బొమ్మ లేచి నడిచింది. ఇసక దేశం. గుమ్మడికాయ లాంటి రాజు. రాజుకి చచ్చిపోయాక పడుకోడానికి కొండంత ఇల్లు కావాలట. తాటిపండు తింటూ కూర్చుని వేలు చూపిస్తాడు. పుల్లల్లాంటి మనుషులు పెద్ద బండకి తాడు కట్టి ఏటవాలుగా పైకి లాగుతున్నారు. బండ కదలడం లేదు.

చాపల్లోంచి భీమరాజు లేచాడు. "అదేటా లాగడం! పాట నేకండా కదుల్తాదేటి? ఎత్తరా అచ్చెన్నా!"

అందరూ నా వైపే చూస్తున్నారు. చిన్నతల్లి నా భుజం మీద చెయ్యేసింది. ఎత్తాను.

"లాగరా తమ్ముడా!"

"ఐలెసా!" అని చాపలన్నీ ఒక్కసారి.

"పొద్దోలిపోతాది!"

"ఐలెసా!"

వాన శబ్దం మునిగిపోయింది. బర్మావాళ్ళు కూడా అందుకున్నారు. బొమ్మలో బండ మా పాటకే కదిలినట్టు కదిలింది మనవరాలా, మా పాటకే. ఇంకొంచెంలో పైకెక్కుతుంది. అప్పుడు ఆ తాడు తెగింది.

బండ వెనక్కి దొర్లింది. వెనకున్నవాడి మీంచి పోయింది. వాడు చాపలా పరుచుకుపోయాడు.

బర్మా బల్లల్లో పిల్లలు విరగబడి నవ్వారు. మన చాపల్లో ఒక్క గొంతు లేవలేదు. అంతలో రెండు జడల పిల్ల పరిగెత్తుకొచ్చింది. చదునైపోయిన వాడికి సుద్దతో బొజ్జ గీసింది, చేతులు గీసింది, ఆఖర్న కాళ్ళు గీసింది. వాడు లేచి, దుమ్ము దులుపుకుని, దండం పెట్టి నడిచి వెళ్ళిపోయాడు. అప్పుడు మనవాళ్ళు కూడా నవ్వారు. ఊపిరి వదిలినట్టు నవ్వారు.

పలక మీద అక్షరాలు పడ్డాయి. "ఏటి రాసుందే?" అన్నాను. చిన్నతల్లి చదవలేదు. తెల్లగుడ్డ వైపే చూస్తోంది.

ఆట అయ్యాక ఒక గొడుగు కింద ఇంటికి నడుస్తున్నాం. మోకాళ్ళ దాకా బురద.

"సిన్నాన్నా, ఆ సుద్ద ఏ కొట్టులో దొరుకుతాది?"

"ఏ సుద్దమ్మా?"

"ఆ పిల్ల సేతిలోది."

"అది బొమ్మే తల్లీ. ఉత్తి బొమ్మ."

"నాకు తెల్సు," అంది. కొంచెం దూరం నడిచాక మళ్ళీ అడిగింది. "మేరమ్మ టీచరమ్మ దగ్గిరున్నదీ అలాటిదేనా?"

గొడుగు దాని వైపు ఇంకాస్త వంచాను.

మర్నాడు బడినుంచి సుద్దముక్క ఒకటి తెచ్చుకుంది. మా గది ఇటుక గోడ పొయ్యి పొగకి నల్లగా నిగనిగలాడుతుండేది. ఆ గోడ మీద గీయడం మొదలెట్టింది. ముందు తల. తలపాగా. భుజాలు.

"ఏటే ఆ పిచ్చి గీతలు?" అని వదిన కసిరింది.

"అయ్యకి బొజ్జుందా అమ్మా?"

వదిన గరిట గిన్నె మీద పెట్టింది. తరవాత, "బొజ్జెక్కడిదే మీయయ్యకి? కూలోడికి బొజ్జుంటాదా?" అంది. ఇంకాసేపటికి పొయ్యి దగ్గర్నుంచి వచ్చి గోడ ముందు కూర్చుంది. "సెవికి పోగుంది. ఆ సెవికి కాదు, ఇటేపు. భుజం మీద తాడు రాసుకుపోయిన కాయుంది, అదీ గియ్యి." అన్న పోయాక వదిన నోట ఆయన మాట రావడం అదే మొదలు. రోజూ సాయంత్రం వాళ్ళిద్దరూ గోడ దగ్గర కూర్చునేవారు. చిన్నతల్లి చెరపడం, గీయడం. వదిన, "ముక్కు అలగుండదే, కొంచెం వంకర" అనడం, నవ్వడం, కొంగు కళ్ళకి అద్దుకోవడం.

"సిన్నాన్నా, పాట ఎలగ గియ్యాల?" అని ఒకరోజు నన్నడిగింది.

"నోరు తెరిచి గీయమ్మా."

నోరు తెరిచి గీసింది. గోడ మీద మా అన్న పాట ఎత్తుతున్నట్టే ఉన్నాడు. మోకాళ్ళ దాకా వచ్చి ఆపేసింది.

"కాళ్ళెయ్యవేటి?" అన్నాను.

"ఇప్పుడెయ్యను. ఏస్తే లేసీసి పన్లోకెల్లిపోతాడు. వానలెల్లిపోయాక ఏస్తాను. అప్పటికి తాడెండుతాది."

వదిన, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"తాడేటే?" అంది వదిన.

"ఏట్నేదు."

"సిన్నతల్లీ."

"గోల సెయ్యనని మేస్త్రి బాబుతో ఒప్పుకున్నావు కదా అమ్మా," అని పిల్ల సుద్ద చేతులు పావడాకి తుడుచుకుని బయటికి వెళ్ళిపోయింది. వదిన మళ్ళీ అడగలేదు. అడిగితే వినాల్సి వస్తుందని భయపడిందనుకుంటాను. నేనూ అడగలేదు.

బొమ్మల రీలు బాగా ఆడింది. పాట కోసమే వచ్చేవారు మనవాళ్ళు. ఆ సంగతి మంగరాజు చెవిని పడింది. ఒక ఆదివారం పెళ్ళాంబిడ్డలతో వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో బర్మా చుట్ట. ముఠావాళ్ళు చాపల్లో సర్దుకుని కూర్చున్నారు, కాళ్ళు ముడుచుకుని.

పాట ఎత్తాను. ఐలెసా అన్నారు. కొంచెం తగ్గించి అన్నారు. బండ కదిలింది, పైకి వెళ్ళింది. తాడు తెగింది.

పలక పడింది. నేను చెవి వంచాను. చిన్నతల్లి నా చెవిలో చదవలేదు. బల్ల మీద నిటారుగా నిలబడి పైకే చదివింది.

"అప్పుడు తాడు తెగిపోనాది."

అక్కడ అంతే రాసి ఉంది. కానీ అది ఆగలేదు. పాఠం అప్పజెప్పినట్టు, అదే గొంతుతో చెప్పుకుపోయింది.

"తాడు నానిపోయి పీసులొచ్చీసింది. మాయయ్య సూసినాడు. మేస్త్రి బాబూ, తాడు మార్చాలి అన్నాడు. ముందిది ఎక్కించీయండి, తరవాత సూద్దాం అన్నారు మేస్త్రి బాబు. నాను గట్టు మీద కూకున్నాను, కూడట్టుకుని. మాయయ్య తాగనేదు. కూడు కూడా తిన్నేదు."

తెల్లగుడ్డ మీద రెండు జడల పిల్ల సుద్ద పట్టుకుని పరిగెత్తుతోంది. తెలుగు రాని బర్మా పిల్లలు ఎప్పట్లాగే నవ్వుతున్నారు. చాపల్లో ఎవరూ కదల్లేదు. ముందు కుర్చీలో మంగరాజు వెనక్కి తిరగలేదు. నోటి దగ్గరికి వెళ్తున్న చుట్ట మాత్రం దారిలో ఆగిపోయింది.

నేను పిల్లని ఎత్తుకుని బయటికి వచ్చేశాను. "తప్పు సెప్పినానా సిన్నాన్నా?" అంది.

"నేదమ్మా."

బాయిలరు వెనక ఉన్నవాళ్ళందరికీ తెలుసు, చూడు. తాడు సంగతి వాళ్ళూ విన్నారు. గదులు వాళ్ళకీ ఉన్నాయి, పిల్లలు వాళ్ళకీ ఉన్నారు, అందుకని ఊరుకున్నారు. షెడ్డులో కూడా ఎవరూ లేచి అవునని అనలేదు.

కానీ మర్నాడు రేవులో పాట లేవలేదు.

అన్న తరవాత పాట ఎత్తేది భీమరాజు. ఓడలోకి దుంగలు ఎక్కించాలి. తాడు పట్టుకున్నారు, వంగారు, ఎవరూ నోరు విప్పలేదు. ఒకడు లాగితే ఇంకొకడు వదులుతాడు. దుంగ కదిలి మళ్ళీ జారుతుంది. ఓడ మీంచి దొర కేకలు. మంగరాజు పరిగెత్తుకొచ్చి, "ఎత్తవేట్రా భీమరాజూ!" అన్నాడట.

"గొంతు పట్టీసింది బాబూ. వాన కదా."

"మరింకెవుడైనా ఎత్తండిరా!"

అందరికీ గొంతులు పట్టేశాయి. పని మానలేదు, ఎదురు చెప్పలేదు, తాడు వదల్లేదు. పాట మాత్రం లేదు. చీకటి పడేవేళకి సగం దుంగలు గట్టు మీదే ఉన్నాయి. వాళ్ళకి చేతనైంది అది. అందుకే నాకు ఇప్పటికీ వాళ్ళ మీద కోపం రాదు.

మర్నాడూ అంతే. ఆ సాయంత్రం మంగరాజు మా గుమ్మం ముందుకి వచ్చాడు. గొడుగు ముడిచి, గోడ మీద బొమ్మ కేసి ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు. గొంతు మెత్తగా ఉంది.

"తాయారమ్మా, గుంట బయస్కోపు సూసి దానికీ దీనికీ కలిపీసింది. సిన్నపిల్ల, దానికేటి తెలుస్తాది? నాకు కోపం నేదు. రేపు రేవు కాడికి తీసుకురా. అందరి ముందూ 'నాను బొమ్మలో సూసి సెప్పినాను' అని ఒక్క ముక్క అన్నాదంటే సాలు. ఈ గది మీదే. వానలెల్లినా మీదే. గుంట సదువు కూడా నాను సూసుకుంటాను."

"అననంటే బాబూ?" అన్నాను నేను.

ఆయన నా వైపు తిరగలేదు. "ఎల్లుండి ఓడుంది. మీ ఊరెల్లీది. రెండు టిక్కెట్లు నానే కొంటాను," అన్నాడు వదినతోనే.

ఒక్క ముక్క. పిల్ల అనేస్తే అయిపోతుంది. గది ఉంటుంది, బడి ఉంటుంది, మేం ముగ్గురం ఒకచోట ఉంటాం. పిల్లని అనమని చెప్పాలనే నా మనసులో ఉంది మనవరాలా. అది కూడా రాయి.

వదిన పిల్లని దగ్గరికి పిలిచింది. నుదుటి మీద జుట్టు పైకి తోసింది.

"ఒలే సిన్నతల్లీ, నువ్వు సూసిందెక్కడే? బొమ్మలోనా, రేవులోనా?"

"రేవులోనే అమ్మా."

వదిన తలాడించింది. లేచి, మూలనున్న నీళ్ళ కుండ రెండు చేతులా ఎత్తి, గుమ్మం పక్కన మంగరాజు కాళ్ళకి కొంచెం ఎడంగా వంపేసింది. ఖాళీ కుండ బోర్లించింది.

"ఓడెన్ని గంటలకి బాబూ?" అంది.

అంతకు మించి ఒక్క మాట అనలేదు మా వదిన.

వెళ్ళేరోజు పొద్దున్న చిన్నతల్లి గోడ ముందునుంచి కదల్లేదు. మూట కట్టేశాం. వదిన వరండాలోకి వెళ్ళిపోయింది. నేను దాని పక్కన కూర్చున్నాను.

"ఇప్పుడు కాళ్ళేసీయనా సిన్నాన్నా? మాతో పాటు వొస్తాడు కదా."

మళ్ళీ తనే ఆలోచించుకుంది. "వొద్దులే. లేసీసి ఓడెక్కినాడంటే మేస్త్రి బాబు సూసీస్తాడు. నువ్వు ఇక్కడే ఉండు. గోడ సూస్తుండు. నానొచ్చీదాకా కాళ్ళెవులినీ ఎయ్యనీకు."

"నానుంటానమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఉన్నవి రెండే టిక్కెట్లు. వానలు వెళ్ళగానే నేనూ వచ్చేస్తానని వదినతో చెప్పాను. సుద్దముక్క అప్పటికి గింజంత అయింది. దాన్ని నా చేతిలో పెట్టి పిల్ల మూట ఎత్తుకుంది. కూడు గిన్నె మాత్రం మూటలో పెట్టనివ్వలేదు, చేత్తోనే పట్టుకుంది.

సేక్కాన్ రేవులో ఓడ నిండా జనం. వదిన, పిల్ల పైతట్టు కటకటాల దగ్గర చోటు చూసుకున్నారు. కింద ముఠా తాళ్ళ దగ్గర ఉంది. ఆ రోజుకీ పాట లేదు. ఓడ కదిలేముందు, జనం ఎక్కిన మెట్లబల్లని గట్టు మీదకి వెనక్కి లాగాలి. తాడు పట్టుకున్నారు, వంగారు. అందరూ వంగాక భీమరాజు తల పైకెత్తి కటకటాల వైపు చూశాడు.

"సిన్నతల్లెల్తంది..."

ముఠాకి అందుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైంది. తరవాత అందుకున్నారు.

"ఐలెసా!"

"కూడట్టుకెల్తంది..."

"ఐలెసా!"

మంగరాజు అక్కడే నిలబడి ఉన్నాడు. ఆపమని అనలేదు. అనగలిగే పాట కాదది. వానలో ముఠా అంతా తలలెత్తి ఓడకేసి పాడుతూ లాగుతోంది. ఎవరి మొహం మీద ఏది వానో ఏది కాదో తెలియదు. పైన చిన్నతల్లి ఎప్పట్లాగే గిన్నె మొహానికి అడ్డం పెట్టుకుంది. ఓడ మలుపు తిరిగేదాకా దించలేదు. దాని మొహం నేను చూడలేదు మనవరాలా. ఆఖరుసారి చూసింది ఆ గిన్నెనే.

రేవునుంచి బరాకుకి వచ్చేసరికి మా గది తలుపు తీసి ఉంది. మేస్త్రి మనిషి బక్కెట్టుతో సున్నం వేస్తున్నాడు. కొత్తవాళ్ళు దిగుతారట. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఏమని ఆపను? గది నాది కాదు. మీద సున్నం పడ్డాక కూడా తడిలోంచి అన్న నోరు కనబడుతూనే ఉంది, తెరిచి. సున్నం ఆరేకొద్దీ అది తెల్లబడిపోయింది. పూర్తిగా పోయేదాకా అక్కడే ఉన్నాను.

ఓడలోనే వదినకి జ్వరం పట్టుకుందట. కళింగపట్నంలో దిగాక ఎన్నాళ్ళో బతకలేదు. వానలు వెళ్ళాక, చెప్పినట్టే, నేను ఓడెక్కి వెళ్ళాను. అప్పటికే పిల్లని మేనమామ అస్సాం టీ తోటలకి తీసుకుపోయాడు. ఏ తోటో ఊళ్ళో ఒక్కడికీ తెలియదు. ఆ ఊళ్ళో నాకు ఇంకెవరున్నారు? తిరిగొచ్చేశాను. ఇక్కడైతే గోడైనా ఉంది. సున్నం కింద ఉంది కదా.

తరవాత సంగతులు నీకు తెలిసినవే. రాయక్కర్లేదు.

ఇన్నేళ్ళకి, మొన్న ఓడ పనినుంచి సెలవుకొచ్చిన మన పేట కుర్రాడు లోకనాథం ఇక్కడ టీ తాగుతూ ఒక మాట అన్నాడు. విశాఖపట్నంలో రేవు పక్క పేటలో ఒక ముసలమ్మ, చూపు ఆనడం లేదట, ముని మనవణ్ణి ఉయ్యాల ఊపుతూ కొత్త రకం జోల పాడుతోందట. "కూడట్టుకొచ్చింది, ఐలెసా" అని. వీడు నవ్వి, "ఎక్కడిదమ్మా ఈ పాట?" అని అడిగాడట. "మాయయ్యది బాబూ" అందట.

నా చేతిలో కప్పు జారిపోయింది. నువ్వే కదా తుడిచావు, ఎందుకు పడేశావు తాతా అని తిట్టుకుంటూ.

నేను ఇంక ఓడెక్కలేను. అందుకే ఇదంతా రాయించాను. లోకనాథం మళ్ళీ ఎప్పుడు వెళ్తాడో కనుక్కుని ఈ కాయితాలు వాడికివ్వు. తెలుగు చదవడం వచ్చు వాడికి. దాని పక్కన కూర్చుని, చెవి దగ్గర పెట్టి చదవమను. నా చెవిలో అది అలాగే చదివేది. పాట వచ్చినచోట మాత్రం గొణగొద్దని చెప్పు, గొంతెత్తి చదవమను. అది అందుకుంటుంది.

సున్నం దగ్గర రెండు ముక్కలు దాటెయ్యమను. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టు, వాడు మర్చిపోతాడు. దాటేసినా అది అడుగుతుంది, నాకు తెలుసు. గోడ ఏమైందీ, సిన్నాన్న చూస్తన్నాడా అని అడుగుతుంది. అడిగితే చెప్పమను. కాళ్ళు ఎవరినీ వెయ్యనివ్వలేదట అని చెప్పమను.